తెరమీద చచ్చినవాడి అక్క

ఆఫీసులో ఆమెను అందరూ చేదుమాత్ర అనేవారు. ఎదురుగా అయితే మేడమ్. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. కొత్తగా చేరిన రిపోర్టర్ ఒకామె ఓ రోజు నోరు జారి, "చేదుమాత్ర గారు వచ్చారాండీ?" అని తిన్నగా ఆమెనే అడిగిందట. "వచ్చింది. మింగడానికి నీళ్ళు తెచ్చుకున్నావా?" అందట ఈమె, తలెత్తకుండానే.

ఆమె పని సినిమాలు చూసి రాయడం. ఆ పత్రికలో మొదట ప్రూఫులు దిద్దే ఉద్యోగంలో చేరింది. సినిమా పేజీ చూసే పెద్దమనిషి కామెర్లతో మంచం పట్టినప్పుడు, ఈ వారానికి నువ్వు రాయమ్మా అన్నారు. రాసింది. ఆయన కోలుకుని వచ్చేసరికి పాఠకులు ఆయన్ని మర్చిపోయారు. అప్పట్నుంచీ ఆ కుర్చీ ఆమెదే. హాల్లో కూర్చుంటే చివరి పేరు తెరమీంచి వెళ్ళేదాకా లేచేది కాదు. ముందు వరసలో ఎవరి ఫోనైనా వెలిగితే ఆ సీటును వెనకనుంచి మోకాలితో పొడిచేది. ఒకసారి అలా పొడిపించుకున్నవాడు ఆ సినిమా నిర్మాతే అని తర్వాత తెలిసింది. "అయితే మరీ మంచిది, తన సినిమా తనే చూడట్లేదన్నమాట" అని ఊరుకుంది.

తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టేది. చొక్కా తర్వాత చొక్కా, కాజా తర్వాత కాజా. రెండు గదుల ఇంట్లో అమ్మ, ఈమె, ఈమెకంటే బాగా చిన్నవాడైన తమ్ముడు. తమ్ముడికి కాలేజీలో సీటొచ్చి హాస్టల్లో చేరిన రోజున అమ్మ ఫ్యాక్టరీలో కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుందట.

ఆ హాస్టల్ గదిలో తమ్ముడితోపాటు ఉన్నవాణ్ణి అందరూ పొడుగు అనేవారు. తలుపులోంచి వంగి రావలసినంత పొడవు. ఆదివారాలు తమ్ముడి వెంట వాళ్ళింటికి వచ్చేవాడు. అమ్మ వద్దన్నా వినకుండా మళ్ళీ మళ్ళీ వడ్డించేది. "అంత పొడుగు నిండాలంటే ఎంత పట్టాలి పాపం" అనేది. గుండీ ఊడిన చొక్కాతో వస్తే ఒంటిమీద ఉండగానే కుట్టి, దారం పంటితో తెంపేది. అతను ఈమెను అక్కా అనేవాడు. ఈమె కూడా తమ్ముణ్ణి తిట్టినట్టే అతన్నీ తిట్టేది.

గదిలో పేకాట మొదలుపెట్టింది పొడుగే. పేక తెచ్చేది అతను, కొత్తగా చేరినవాళ్ళను మాటలతో కరిగించి కూర్చోబెట్టేది అతను. పందెం కింద భోజనం టోకెన్లు పెట్టేవారు. తర్వాత చేతి వాచీలు వచ్చాయి, ఆఖరికి కాళ్ళకున్న బూట్లు కూడా. తమ్ముడు ఆడేవాడు కాదని కాదు. ఆడేవాడు, ఓడిపోయేవాడు, మళ్ళీ ఆడేవాడు. మొదటి ఏడాది పిల్లవాడొకడు వట్టి కాళ్ళతో ఇంటికి వెళ్ళేసరికి వాళ్ళ నాన్న వచ్చి గోల చేశాడు. వార్డెన్ వచ్చి వీళ్ళ గది తలుపు తట్టాడు. తట్టిన ఆ కాస్త వ్యవధిలోనే పేకలన్నీ తమ్ముడి పరుపు కిందికి చేరాయి.

"ఎవర్రా నడిపేది?" అన్నాడు వార్డెన్.

పొడుగు తల వంచుకున్నాడు. వేలు మాత్రం తమ్ముడివైపు చూపించాడు.

తమ్ముణ్ణి కాలేజీలోంచి తీసేస్తామన్నారు. అమ్మ ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వెళ్ళి వార్డెన్ గది బయట నిలబడింది. "మావాడు తప్పు చేస్తే కొట్టండి సార్, మీ చెయ్యి నొప్పెడితే నేను కొడతాను. చదువు మాత్రం ఆపకండి" అని లోపలికి వెళ్ళే ప్రతి మనిషికీ చెప్పింది, వాళ్ళెవరో కూడా తెలియకుండా. వార్డెన్ వెనక తలుపులోంచి భోజనానికి వెళ్ళిపోయి, ఇక రాలేదు. తిరుగు బస్సులో అమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని కూర్చుంది. దారిపొడుగునా వదల్లేదు. ఇంటికి వచ్చాక కూడా ఒక్క మాట అనలేదు. "ముందు తిను" అంది, అంతే.

పొడుగు మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

తమ్ముడు కాలిపోయిన మోటార్లకు, ఫ్యాన్లకు తీగ చుట్టే పని నేర్చుకుని చిన్న షాపు పెట్టుకున్నాడు. పెళ్ళి చేసుకున్నాడు. గోళ్ళల్లో ఎప్పుడూ వార్నిష్ మరకలుంటాయి. అమ్మ ఆ షాపు చూసే పోయింది. తమ్ముడు హాస్టల్ సంగతి ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. అక్కకు మాత్రం అది పచ్చి పుండే. పొడుగు సినిమాల్లో చేరాడని, డైరెక్టరయ్యాడని తెలిసినప్పుడు పళ్ళు నూరింది. అయినా అతని మొదటి రెండు సినిమాల గురించి ఒక్క ముక్క రాయలేదు. "నా చేతికి దురదెక్కువ, ఇంకెవరికైనా ఇవ్వండి" అని తప్పుకుంది. అదీ ఆవిడ నియమం.

మూడో సినిమా పేకాటలో పడ్డ విద్యార్థుల కథ అని తెలిసినప్పుడు మాత్రం, "దీనికి నేనే వెళ్తాను" అంది.

విమర్శకుల కోసం వేసిన ఆట అది. చిన్న హాలు. తెరమీద హాస్టల్ గది, కిటికీకి తగిలించిన తడి తువ్వాలు, పరుపుమీద గుండ్రంగా కూర్చున్న కుర్రాళ్ళు. హీరో పొడుగ్గా ఉన్నాడు. వాడి స్నేహితుడు బక్కపల్చగా ఉన్నాడు. ఏదన్నా భయమేస్తే ఎడమ చెవి తమ్మె నలుపుకుంటున్నాడు. అది తమ్ముడి అలవాటు. పుట్టినప్పట్నుంచీ ఉన్న అలవాటు.

తర్వాత కథంతా తలకిందులు. ఆట నడిపేది స్నేహితుడు. వద్దురా అని బతిమాలేది హీరో. వార్డెన్ వస్తే నేరం తన నెత్తిన వేసుకునేది హీరో. అప్పుడు ఆ స్నేహితుడి తల్లి వస్తుంది. కాజాలు కుట్టే ఆవిడ. హాస్టలంతా చూస్తుండగా కొడుకు చెంప పగలగొట్టి, "నువ్వు పుట్టకపోయినా బాగుండేది. చచ్చినా ఏడవను పో" అంటుంది. వాడు మేడ మెట్లెక్కుతాడు. తర్వాత కింద జనం పరుగులు. చివర నల్ల తెరమీద తెల్లటి అక్షరాలు: "ఇది నిజంగా జరిగింది. తిరిగిరాని నా మిత్రుడికి."

లైట్లు వెలిగేసరికి హాలంతా ముక్కులు ఎగబీల్చుకుంటోంది. విమర్శకుల సంఘానికి అధ్యక్షుడైన ఒక పెద్దాయన, విశేషణాలు లేకుండా మంచినీళ్ళు కూడా అడగలేని మనిషి, జేబురుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ "ఎంత నిజాయితీ! ఎంత నగ్నమైన, నిర్దయమైన, నిలువెత్తు నిజాయితీ!" అన్నాడు. పొడుగు గుమ్మం దగ్గర చేతులు జోడించి నిలబడ్డాడు. ఈమెకూ నమస్కారం పెట్టాడు, "థాంక్యూ మేడమ్" అన్నాడు. చూపు మాత్రం ఆమె తలమీంచి వెనకొచ్చే పెద్దాయన మీదుంది. గుర్తు కూడా పట్టలేదు.

ఆమె ఆఫీసుకు వెళ్ళి కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా రాసింది. ఎడిటర్ చదివి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"ఇది సమీక్ష కాదమ్మా, పోలీసు రిపోర్టు."

"ఏ మాట తప్పో చెప్పండి, తీసేస్తాను."

"తప్పని కాదు. రేపు మొదటి పేజీ నిండా వాళ్ళ ప్రకటన. దాని పక్కన ఇదేస్తే పెళ్ళిపందిట్లో శాపనార్థాలు పెట్టినట్టుంటుంది."

సమీక్ష పక్కకు పోయింది. ఇంకొకరి చేత నాలుగు మంచి ముక్కలు రాయించారు. మిగతా పత్రికలు సరే సరి. ఒకాయన 'నిజాయితీకి నిలువుటద్దం' అన్నాడు, ఆయనే ఆ పెద్దాయన. ఇంకొకాయన తల్లి పాత్రను ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. పేదిళ్ళల్లో ప్రేమ ఇంత కర్కశంగానే ఉంటుందట, అది చూపించడానికి ధైర్యం కావాలట. ఆ వాక్యం దగ్గర ఆమె కాగితాన్ని ఉండచుట్టి బుట్టలోకి విసిరింది. అది బుట్టలో పడలేదు. లేచి వెళ్ళి తీసి మళ్ళీ విసిరింది.

సాయంత్రం తమ్ముడి షాపుకు వెళ్ళింది. అతను ఒక నీళ్ళ మోటారు పొట్ట విప్పి రాగితీగ లాగుతున్నాడు.

"నిన్ను చంపేశార్రా" అంది.

విషయమంతా విని తమ్ముడు నవ్వాడు. "పోనీలే అక్కా, ఇన్సూరెన్స్ వాళ్ళకు చెప్దామా?" అన్నాడు. ఆమె నవ్వకపోయేసరికి చేతులు తుడుచుకుని, "పద, నేనూ చూస్తాను నా చావు" అన్నాడు.

మర్నాడు మ్యాట్నీకి ఇద్దరూ వెళ్ళారు. మొదటి సగం తమ్ముడు హాయిగానే చూశాడు. ముక్క విసిరే తీరు, గెలిచినవాడు నవ్వు దాచుకోవడం, ఓడినవాడు వట్టి పాదాలను పరుపు కిందికి ముడుచుకోవడం చూస్తూ, "భలే తీశాడక్కా, అచ్చం ఇలాగే ఉండేది" అని గొణిగాడు. ఆమెకు ఒళ్ళు మండింది. తర్వాత తల్లి వచ్చింది. ఆ మాట అంది. తమ్ముడు చెవి తమ్మె పట్టుకుని, సినిమా అయ్యేదాకా అలాగే ఉండిపోయాడు.

బయటికి వచ్చి బండి స్టాండ్ దగ్గర నిలబడ్డాక అన్నాడు. "నన్ను చంపితే చంపాడు. దొంగను చేస్తే చేశాడు. అమ్మ చేత ఆ మాట ఎందుకనిపించాడు? అమ్మ చేతి అన్నం తిన్నాడు కదా వాడు." బండి తాళంచెవి చేతిలోకి తీసుకుని, "ఏం చేద్దామంటావ్?" అన్నాడు.

ఇన్నేళ్ళలో తమ్ముడు ఆ మాట అడగడం అదే మొదటిసారి. ఆమె ఎదురుచూసిందీ ఆ మాట కోసమే.

విమర్శకుల సంఘం ఏటా ఒక సినిమాకు జ్ఞాపిక ఇస్తుంది. ఆ ఏడు దేనికో వేరే చెప్పక్కర్లేదు. సంఘం సమావేశంలో ఆమె కూడా చెయ్యెత్తి ఒప్పుకుంది. అందరూ ఆశ్చర్యపోయారు. తర్వాత ఒక సలహా ఇచ్చింది. "ప్రతిసారీ పెద్దవాళ్ళే ఇస్తున్నారు. ఈసారి ఒక మామూలు ప్రేక్షకుడి చేతులమీదుగా ఇప్పిద్దాం. మా తమ్ముడున్నాడు, మోటార్లు బాగుచేస్తాడు. ఈ సినిమా చూసి మాట రాక నిలబడిపోయాడు."

"అద్భుతం!" అన్నాడు పెద్దాయన. "శ్రామికుడి చేతులమీదుగా కళాకారుడికి! ఫోటో కూడా బ్రహ్మాండంగా వస్తుంది."

సభకు తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అతన్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆమె ఆ వరస చివర కూర్చుంది. వేదికమీద దీపాల వెలుగులో పొడుగు మైకు ముందు కాస్త వంగి నిలబడ్డాడు.

"ఈ సినిమా నాది కాదు, నా మిత్రుడిది. వాణ్ణి కాపాడలేకపోయాను. వాడే బతికుంటే ఈ రోజు ఇక్కడే, ముందు వరసలో కూర్చుని ఉండేవాడు" అన్నాడు, కళ్ళొత్తుకుంటూ.

జ్ఞాపిక ఇవ్వడానికి 'మామూలు ప్రేక్షకుడు' రావాలని పిలిచారు. తమ్ముడు మెట్లెక్కి, బల్లమీది జ్ఞాపిక రెండు చేతులతో తీసుకుని దగ్గరకు వెళ్ళాడు.

"ఏరా పొడుగూ, బాగున్నావా?"

మైకు ఆ మాటను హాలంతా వినిపించింది. పొడుగు ముఖంలో నెత్తురు చుక్క లేదు. తేలు కుట్టిన దొంగలా గుటకలు మింగాడు. కానీ ఎంతైనా సినిమావాడు. రెప్పపాటులో తేరుకుని, రెండు చేతులూ చాచి తమ్ముణ్ణి గట్టిగా కౌగిలించుకున్నాడు. "బతికే ఉన్నావురా! దేవుడా, బతికే ఉన్నావు!" అని భోరుమన్నాడు. హాలు మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కెమెరాలు మెరిశాయి. పెద్దాయన మళ్ళీ జేబురుమాలు తీశాడు.

ఆమె పన్నిన వల చేపకే ఊయలైపోయింది. ఇంకో నిమిషం ఊరుకుంటే రేపు ప్రతి పత్రికలోనూ ఆ కౌగిలే ఉంటుంది. లేచి నిలబడింది.

"డైరెక్టర్ గారూ, ఒక్క ప్రశ్న. వీడు చనిపోయాడని మీకెవరు చెప్పారు?"

చప్పట్లు ఆగాయి. పొడుగు దీపాలకు చెయ్యి అడ్డం పెట్టుకుని కిందికి చూశాడు. ఈసారి గుర్తుపట్టాడు.

"ఎవరో అన్నారు అక్కా... విన్నాను..."

"మేము ఇల్లు కూడా మారలేదు. నువ్వు ఆదివారం ఆదివారం అన్నం తిన్న ఇల్లే. చచ్చాడని వింటే ఒక్కసారి వచ్చి మా అమ్మను పలకరించాలనిపించలేదా? కనీసం సినిమా తీసేముందైనా తలుపు కొట్టి చూడాలనిపించలేదా, ఉన్నాడో పోయాడో?"

పొడుగు రెండో చెయ్యి ఇంకా తమ్ముడి భుజంమీదే ఉంది. తమ్ముడు దాన్ని మెల్లిగా తీసి కిందికి దించి, మైకు దగ్గరికి వంగాడు.

"ఆట ఎవరు నడిపారో, వేలు ఎవరు చూపించారో వదిలేద్దాంరా. మా అమ్మ ఆ మాట అనలేదు. ఆ రోజు నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు. అదొక్కటి చెప్పు వీళ్ళకి."

హాలంతా చూస్తోంది. పొడుగు చెప్పలేదు. చెప్పాలంటే మిగతాదంతా చెప్పాలి. తమ్ముడు ఇవ్వకుండా మిగిలిపోయిన జ్ఞాపికను కుర్చీలో పెట్టి, మెట్లు దిగి వచ్చేశాడు.

వారం తిరక్కుండా గాలి మారింది. నిలువుటద్దం పగిలింది. మొన్న ఏడ్చినవాళ్ళకు తాము ఎందుకు ఏడ్చామా అని ఇప్పుడు కోపం వచ్చింది. అబద్ధం మీద వచ్చిన కోపం కంటే, పదిమందిలో వెర్రివాళ్ళమయ్యామన్న కోపమే ఎక్కువ. 'మొదటినుంచీ నాకేదో అనుమానమే' అని రాశాడు పెద్దాయన. పేదిళ్ళ ప్రేమ గురించి రాసినాయన ఇప్పుడు తల్లి పాత్రలో 'పేదలపట్ల డైరెక్టర్‌కున్న చిన్నచూపు' కనిపెట్టాడు. సినిమాలో ఒక్క ఫ్రేము మారలేదు. ఆమె అవన్నీ వరసపెట్టి చదివింది. ఒక పక్క కడుపు చల్లబడింది, ఇంకో పక్క తన తోటివాళ్ళను చూసి రోత పుట్టింది. రోతకంటే చల్లదనమే ఎక్కువని ఆమె ఎవరిదగ్గరా దాచలేదు.

హాళ్ళు ఖాళీ అయ్యాయి. పొడుగు తర్వాతి సినిమాకు ఒప్పుకున్న నిర్మాత ఫోను తియ్యడం మానేశాడు.

అప్పుడు ఎడిటర్ స్వయంగా ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఆ పాత సమీక్ష ఉందా? ఇప్పుడేద్దాం. ఇంకాస్త కారం తగిలించినా పర్లేదు."

ఆమె దాన్ని తీసి చదువుకుంది. పేకాట సన్నివేశాలు కూడా నకిలీవని, ప్రాణం లేనివని అందులో రాసింది. అది అబద్ధం. తమ్ముడు పక్కన కూర్చుని "అచ్చం ఇలాగే ఉండేది" అన్నాడు. ఒకడు అమ్మ గురించి అబద్ధం తీశాడని తను వాడి పని గురించి అబద్ధం రాస్తే ఇక తేడా ఏముంది? పాతది చింపేసి కొత్తగా రాసింది. ఆ గదిని, ఆ ఆటను, ఓడినవాడి వట్టి పాదాలను అంత బాగా తీసినవాళ్ళు లేరంది. అంత చూడగల కళ్ళున్నవాడు తను చూసిన తల్లిని మాత్రం చూడనట్టు నటించాడంది. చేతకానివాడు అబద్ధం తీస్తే క్షమించవచ్చు, చేతనైనవాడు తీస్తే అది నేరం అంది. ఒక్క తిట్టు లేదు. ఎడిటర్ కొంచెం నిరాశపడ్డాడు, కానీ వేశాడు.

అది అచ్చయిన రెండో రోజు పొడుగు ఆఫీసుకు వచ్చాడు. పైకి రానివ్వకుండా ఆమే మెట్ల మలుపు దగ్గరికి వెళ్ళింది. మనిషి చిక్కిపోయాడు.

"అందరూ తిట్టారక్కా, దులిపేసుకున్నాను. నువ్వు మెచ్చుకున్నది చదివాక తిండి సయించట్లేదు."

"అందుకే మెచ్చుకున్నాను."

అతను తల వంచుకున్నాడు. "ఆ సీను తీసేస్తాను. చివర్న ఆ అక్షరాలు కూడా తీసేస్తాను. పేక తెచ్చింది నేనే అని పత్రికల వాళ్ళకు చెప్తాను. అప్పుడైనా..."

"చెప్పు. చెప్పాల్సిందే. దానికి నేను చప్పట్లు కొడతాననుకోకు."

"క్షమించవా అక్కా?"

"లేదు" అంది. "అమ్మ ఉంటే క్షమించేది, అన్నం కూడా పెట్టేది. నేను అమ్మను కాదు." అని పైకెక్కి తన బల్ల దగ్గర కూర్చుంది. ముందున్న ప్రూఫు దగ్గరికి లాక్కుని ఒకే వాక్యాన్ని రెండుసార్లు దిద్దింది.

పొడుగు అన్న మాట చేశాడు. సీను తీసేశాడు, ఒక పత్రికకు ఉన్నదున్నట్టు చెప్పాడు. దాన్ని లోపలి పేజీలో చిన్నగా వేశారు. అప్పటికి జనం వేరే సినిమాలో పడ్డారు.

తమ్ముడి షాపుకు మాత్రం గిరాకీ పెరిగింది. చచ్చి బతికినాయన షాపు ఎక్కడండీ అని అడుగుతూ వచ్చేవాళ్ళు. మరదలికి ఆ పేరు అస్సలు నచ్చలేదు. తమ్ముడు మాత్రం ఆ పేరుతోనే బోర్డు రాయిద్దామా అని ఆమెను ఏడిపించేవాడు.

కొన్ని నెలల తర్వాత అక్క షాపులో కూర్చుని ఉండగా తమ్ముడి ఫోను మోగింది. అతను "ఊఁ, ఊఁ, సరే" అని పెట్టేశాడు.

"ఎవరు?"

"పొడుగు."

ఆమె ముఖం గంటు పెట్టుకుంది. "వాడితో నీకేం మాటలు?"

"వాళ్ళింట్లో నీళ్ళ మోటారు కాలిపోయిందట. అంతకుముందు ఫ్యాన్లు చేయించుకున్నాడు."

"చేశావా? సిగ్గులేదూ?"

"పని కదక్కా."

"డబ్బులు తీసుకున్నావా, స్నేహితుడని వదిలేశావా?"

తమ్ముడు తీగ చుట్టడం ఆపకుండా అన్నాడు. "రెట్టింపు తీసుకున్నా."

చేదుమాత్ర పడీపడీ నవ్వింది. పక్క కొట్టువాళ్ళు తొంగి చూశారు. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, "ఈ మోటారుకి మూడింతలు తీసుకో" అంది.